రెండో తుపాకి మోసిన భీమన్న

ఖిల్లా ఘణపూర్ గుట్ట కింది మెట్టభూములు ఆ కాలంలో చాలామటుకు నరహరి దొర మక్తాలో, ఆయన పెత్తనం కింద ఉండేవి. ఆ భూముల్లో రాళ్లు ఏరుకుని జొన్న, ఉలవ పండించుకునే కౌలురైతు భీమన్న. పొడగరి కాడు, పహిల్వాను కాడు, మాటకారి అంతకంటే కాడు. అతని పేరు ఏ చరిత్రలోనూ లేదు. ఉండవలసిన చోట కూడా లేదు. నరహరి దొర పేరు మాత్రం ఆనాటి అచ్చుకాగితాలలో, వేటగాళ్ల విందుల వార్తలలో, ‘సాహసికుడు’ అనే విశేషణంతో సహా నేటికీ భద్రంగా ఉంది. ఆ విశేషణం సంపాదించి పెట్టడానికి ఎవరెవరి ఎముకలు ఎక్కడ విరిగాయో చెప్పడానికి ఆ కాగితాలలో చోటు చాలలేదు కాబోలు.

1939 వేసవిలో దొరకు ఆఫ్రికా పిచ్చి పట్టింది. ఆ ఖండంలో ఏనుగుల కోసమే ఒక అడవిని కేటాయించి కాపాడుతున్నారని, అందులో తిరిగి వాటిని చూడవచ్చునని, పరవానా పొందితే హద్దు దాటి బయటికి వచ్చినదాన్ని కాల్చవచ్చునని హైదరాబాదు విందులో ఎవరో చెప్పగా విని వచ్చాడు. చిరుతలను, దుప్పులను కాల్చి విసిగిన చేతికి అంతకంటే పెద్ద ప్రాణి కావలసి వచ్చింది. దొర నివాసమైన గడీ చావడిలో బల్ల మీద పటం పరిచారు. బొంబాయిలో ఓడ ఎక్కడం, మొంబాసాలో దిగడం, అక్కడినుంచి రైలు, ఆపైన మోటారు లారీ, ఇదంతా గుమాస్తా అనంతయ్య ఎర్రసిరాతో గీసిపెట్టాడు. ఖాకీ బట్టలు, దోమతెరలు, క్వినైన్ సీసాలు, తోలుపెట్టెలు ఒక్కొక్కటిగా వచ్చి చావడి నిండింది.

“లోపల చూసుడు, బైట కొట్టుడు. గంతే పంతులూ,” అన్నాడు దొర.

“చిత్తం దొరా. మరి హద్దు ఏడున్నదో ఏనుగుకు ఎట్ల తెలుస్తది?”

“మన రైతులకు తెలుస్తదా? దానికి గూడ గంతే.”

ఇద్దరూ నవ్వుకున్నారు.

దొర చదివిన వేట పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. వేటగాడు ఒక తుపాకి కాల్చగానే వెనకనున్న మనిషి రెండోది అందించాలి. ఏనుగు మీదికి వస్తున్నప్పుడు ఆ మనిషి పరుగు తీశాడా, వేటగాడి పని ముగిసినట్టే. అక్కడ కూలికి దొరికే కొత్తమనిషిని నమ్మేందుకు దొరకు మనసొప్పలేదు. పారిపోనివాణ్ణి ఇక్కడినుంచే తీసుకుపోవాలని నిశ్చయించాడు. అటువంటివాడు ఎవడో తెలుసుకోవడానికి ఆయన ఎంచుకున్న పద్ధతిని పరీక్ష అనడానికి నోరు రాదు.

ఒక ఉదయం వెట్టికి పిలిచిన రైతులను గడీ వెనక కల్లంలో వరసగా నిలబెట్టారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. భీమన్న పక్కన నాగన్న నిలబడ్డాడు. ఊరి దేవర జాతర జరిగినప్పుడు గ్రామదేవత ఈదమ్మ ముందు దున్నపోతు తల నరికే హక్కు తాతలనాటినుంచీ నాగన్న ఇంటిది. చేయి ఎంత బరువో మాట అంత తేలిక.

“ఏందిరా నాగన్నా, గిట్ల నిలబెట్టిండ్రు?”

“దొర మల్ల లగ్గం జేసుకుంటుండేమో అన్నా. మనం ఎదుర్కోళ్లు.”

ఆ నవ్వు ఇంకా ముగియకముందే ఎదుటి దొడ్డి తలుపు తెరుచుకుంది. గడీవారి కోడె దూకింది. దాని తోకకు పటాకులు కట్టి అంటించారు. ముక్కుకు మిరపపొగ పట్టించారు. కళ్లు కనబడని ఆ పశువు మనుషుల వరస మీదికి వచ్చి పడింది. అందరూ చెదిరిపోయారు. నాగన్న తిరగబోయేలోగా కొమ్ము అతని డొక్కలో దిగింది. పక్కటెముకలను పెకలించుకుంటూ పైకి లేచింది. మనిషి గాలిలోకి ఎగిరి కోడె ముందే పడ్డాడు. భీమన్న అతని చేయి పట్టుకున్నాడు. కోడె మళ్లీ పొడిచింది, మళ్లీ ఎత్తింది. భీమన్న చేయి వదలలేదు. వదిలితే మనిషిని చీల్చేస్తుందని తప్ప అతనికి మరో ఆలోచన లేదు. చివరికి పటాకులు కాలిపోయి, కోడె దానంతటదే పక్కకు తొలగింది.

మేడమీద చప్పట్లు వినిపించాయి.

“దొరికిండు పంతులూ! అందరు ఉరికిండ్రు, ఈడొక్కడు నిలబడ్డడు. ఈడే నా ఆఫ్రికా మనిషి.”

“బాంచెన్ దొరా, నాగన్న పాణం పోతుంది. జర బండి కట్టియ్యున్రి.”

“ముందుగాల నీకు టోపీ కుట్టిస్త రా భీమిగా. సెబాస్!”

అనంతయ్య కిందికి వచ్చి రక్తంలో పొర్లుతున్న మనిషిని చూశాడు. “జర పక్కకు జరుపున్రి. దొర దిగుతుండు,” అన్నాడు.

బండి రాలేదు. నులకమంచం మీద మోసుకుపోయారు. నాగన్న చావలేదు గాని, ఎముకలు వంకరగా అతుక్కుని, నిటారుగా నిలబడడం అతనికి అంతటితో తీరిపోయింది.

ఆ మరునాటినుంచి భీమన్న రెండో తుపాకికి కట్టుబడ్డాడు. దొర భుజం వెనక చేయి చాపినంత దూరంలో నిలబడాలి. దొర వెనక్కి చూడకుండా చేయి చాపగానే తుపాకి మడమ ఆ అరచేతిలో పడాలి. ఆలస్యమైతే మణికట్టు మీద చెర్నాకోల పడుతుంది. చప్పుడుకు అదిరితే మరో తూటా దండగ చేసి చెవి పక్కనే కాలుస్తాడు. ఒకనాడు అలా కాల్చినప్పుడు భీమన్న ఎడమ చెవినుంచి నెత్తురు ధారగా కారి మెడమీద గడ్డకట్టింది. ఆ తర్వాత ఆ చెవిలో గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. తొలకరి పడింది. ఊళ్లో అందరి నాగళ్లూ కదిలాయి. భీమన్న చెలక మాత్రం బీడుపడి ఉంది.

ఇంటి దగ్గర భార్య యాదమ్మ అతని మణికట్టుకు పసుపు నూనె రాస్తూ అడిగింది.

“ఆఫ్రిక అంటే ఏడుంది? శ్రీశైలం కంటె అవుతలనా?”

“సముద్రం అవుతలనంట. దినాలకు దినాలు ఓడల పోవాలెనంట.”

“పోయినోళ్లు మల్ల ఒస్తరా?”

“దొర ఒస్తడు.”

ఆమె చేయి ఆగిపోయింది. పక్కన వారి ఒక్కగానొక్క బిడ్డ తిమ్మి నిద్రపోతూ ఉంది.

ఆ బిడ్డ బతికి ఉండడానికి యాదమ్మకు తెలిసిన కారణం ఒక్కటే. అంతకు కొన్నేళ్ల ముందు ఊరిని కలరా గత్తర ఊడ్చుకుపోయింది. పాడె మోసినవాళ్లే పాడె ఎక్కుతున్న రోజులవి. తిమ్మి కళ్లు తేలేసింది. యాదమ్మ తల విరబోసుకుని ఈదమ్మ గద్దె ముందు పడి, ఇంట్లో ఉన్న ఒక్క దున్నదూడను దేవరకు విడుస్తానని మొక్కుకుంది. తెల్లవారేసరికి పిల్ల నీళ్లడిగింది. ఆనాటినుంచి ఆ దూడ భీమన్నది కాదు, అమ్మది. దాన్ని ఎవరూ కట్టకూడదు, కొట్టకూడదు. అది చేను మేస్తే రైతు చేతులు జోడించాలి. దేవరనాడు అమ్మ ముందు, నాగన్న ఇంటి కత్తితో, ఒక్క వేటుకు దాని తల తెగాలి. అంతకు ముందే మరో ఆయుధంతో దాని ప్రాణం పోతే మొక్కు చెల్లదు. చెల్లని మొక్కుకు బదులు అమ్మ బిడ్డనే తీసుకుంటుంది. ఇది వారి నమ్మకం. దీన్ని చూసి నవ్వే విద్యావంతులు గత్తర రాత్రి ఎప్పుడూ బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారు కారు.

యాదమ్మ చేసిన తప్పు ఒక్కటే. మొక్కు తీరే రోజున అమ్మకు లోటు కనబడకూడదని ఆ పోతును పిల్లకంటే ఎక్కువగా మేపింది. తాము గంజి తాగిన పూట కూడా దానికి ఉలవగుగ్గిళ్లు పెట్టింది. “దా... దా...” అని ఆమె పిలిస్తే ఏ చేలో ఉన్నా వచ్చేది. ఆ మేతకు అది నల్లటి బండరాయిలా పెరిగింది. చుట్టుపక్కల అంత ఎత్తు పశువు మరొకటి లేదు. రాబోయే శ్రావణంలో దేవర చేయాలని ఊరి పెద్దలు నిర్ణయించారు. దొర ఓడ అంతకు ముందే ఉంది.

ఒకనాడు ఆ పోతు గడీ వాకిట్లోకి నడిచి వచ్చింది. ప్రయాణానికి కట్టిపెట్టిన జొన్నపిండి బస్తాను కొమ్ముతో చీల్చి తినసాగింది. జీతగాళ్లు పని ఆపి దండాలు పెట్టారు.

“మొక్కుతరేందిరా? కొట్టున్రి!” అని అరిచాడు దొర.

“అమ్మ పోతు దొరా.”

దొర కోపం అంతలోనే చల్లబడింది. ఆయన పోతు చుట్టూ తిరిగి చూశాడు. వెన్ను ఎత్తు చూశాడు, రొమ్ము వెడల్పు చూశాడు. అది తింటూనే ఉంది.

“పంతులూ, ఏనుగు ఈడ దొరకదని ఏడ్సినవ్ గద. గిదేంది మరి? దీన్ని మీదికి తోలిపిస్త. ఉరికొచ్చేదాన్ని నిలబడి కొడ్త. ఆఫ్రికాకు పోయే ముందు ఒక్కసారన్న చూసుకోవద్దా?”

అనంతయ్య చేతులు జోడించాడు. “దొరా, ఊరు పరేషాన్ అయితది. ఇది దేవర...”

“ఊరు నాది. ఊరి దేవర నాది కాదా?”

ఆ మాట ఇంటికి చేరగానే యాదమ్మ గడీకి పరుగెత్తింది. దొర కాళ్ల మీద పడి, తన మెడలో పుస్తె తప్ప ఏది కావాలన్నా తీసుకోమంది, పాడిబర్రెను తోలుకొస్తానంది, తాను జన్మంతా గడీలో వెట్టి చేస్తానంది. భీమన్న అక్కడే, దొర వెనక, రెండో తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

దొర యాదమ్మను చూడలేదు, ఆమె భర్తను చూశాడు. ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది.

“భీమిగా, కదలకు. కదిలినవంటే దీన్ని ఇడిసేది లేదు. పంతులూ, కొట్టిపియ్యి.”

జీతగాళ్లు యాదమ్మను జుట్టు పట్టి వాకిట్లో ఈడ్చారు. నెత్తి చర్మం వెంట్రుకలతో పాటు ఊడి వచ్చింది. చెర్నాకోల వీపు మీద పడ్డ ప్రతిసారీ ఆమె భర్త వైపు చూసింది. అతని కనుగుడ్లు తప్ప ఏమీ కదలలేదు. దొర ఆ గుడ్లలోకే చూస్తూ, చాలన్నాడు.

“చూసినవా పంతులూ? ఏనుగు కాదు, భూమి పగిలినా ఈడు కదలడు.”

“అవ్ దొరా. పెండ్లాం మీద గింత పావురం, ప్రేమ లేనోడు దొరుకుడు కష్టమే,” అన్నాడు అనంతయ్య.

భీమన్న యాదమ్మను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒక్క మాట అన్నది.

“నిలబడుడు నేర్సినవ్. మంచిగ నేర్సినవ్.”

“కదిలితె నిన్ను సంపుతుండె యాదీ.”

“రేపు గూడ నిలబడు. అమ్మ పోతును తుపాకితోని కొడుతుంటె తుపాకి అందియ్యి. మాపటికి బిడ్డ కండ్లు తేలేస్తె అప్పుడు గూడ కదలకు.”

భీమన్న ఊరి పెద్దల ఇళ్లకు పోయాడు. ఒకరు వాకిట్లోకి రాలేదు. ఒకరు వచ్చి, దొరకు ఎదురు చెప్పే నోరు తమకు లేదన్నారు. నాగన్న మంచం మీదనుంచే, “కత్తి నూరి పెట్టుకున్న అన్నా. శ్రావణం దాక దాన్ని ఆపు. తర్వాత నా బాధ్యత,” అన్నాడు. ఆపడం ఎలాగో అతనికీ తెలియదు.

మరునాడు గుట్ట కింది బయల్లో అంతా సిద్ధం చేశారు. దొర కొత్త ఖాకీ తొడిగాడు, టోపీ పెట్టాడు. భీమన్నకూ ఒక టోపీ పెట్టారు. దూరాన జీతగాళ్లు దండాలు పెట్టుకుంటూనే పోతును వెనకనుంచి బరిసెలతో పొడిచారు. అది ఎన్నడూ దెబ్బ ఎరగని పశువు. మొదట అర్థం కాక ఆగి చూసింది. రెండోసారి పొడిచాక పరుగు అందుకుంది.

దొర మొదటి తూటా దాని భుజంలో దిగింది. నల్లటి చర్మం మీద ఎర్రటి పువ్వులా రక్తం విచ్చుకుంది. పోతు మోకాళ్ల మీద పడి, లేచి, ఈసారి ఎవరు కొట్టారో తెలిసినట్టు నేరుగా వచ్చింది. ఆ జంటగొట్టాల తుపాకిలోని రెండో తూటా వీపు గీరుకుని పోయింది. దొర వెనక్కి చూడకుండా చేయి చాపాడు.

“తుపాకి!”

భీమన్నకు కుడి చెవి బాగానే ఉంది. విన్నాడు. చాపిన అరచేయి అతనికి జానెడు దూరంలో ఉంది. వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. తుపాకి అతని రెండు చేతుల్లోనూ ఉంది. పారిపోదామనిపించలేదు. కాలుద్దామనీ అనిపించలేదు. ఆ అరచేతిని చూస్తూ నిలబడ్డాడు.

“తుపాకి రా! లంజకొడుకా, తుపాకి...”

దొర వెనక్కి తిరిగాడు. పోతు అతని నడుమును తాకింది. కొమ్ము తొడలో దిగి తుంటి దగ్గర బయటికి వచ్చింది. మనిషిని ఎత్తి నేలకేసి కొట్టి, ఆ కాలిమీదే తొక్కింది. ఎముక చిట్లిన చప్పుడు దూరాన ఉన్న జీతగాళ్లకు కూడా వినిపించింది. టోపీ, ఖాకీ, మట్టి, నెత్తురు ఒక్కటైపోయాయి. దొర అరుపు కొంతసేపు మనిషి గొంతులా లేదు.

పోతు రొప్పుతూ నిలబడింది. ముక్కునుంచి నురగతో పాటు నెత్తురు వస్తోంది. ఎంతో సేపు బతకదని భీమన్నకు అర్థమైంది. తుపాకి నేలమీద పెట్టాడు.

“దా...” అన్నాడు, యాదమ్మ పిలిచినట్టు. “దా... దా...”

అది అతని వెంట నడిచింది.

జీతగాళ్లు దొరను ఎత్తుకుని గడీ వైపు, భీమన్న పోతుతో ఈదమ్మ గద్దె వైపు నడిచారు. దారిలో అది రెండుసార్లు కూలబడబోయింది. అతను దాని మెడ కింద భుజం పెట్టి లేపాడు. ఊరివాళ్లు తలుపుల వెనకనుంచి చూస్తున్నారు. ఎవరూ డప్పు కొట్టలేదు, బోనం ఎత్తలేదు. యాదమ్మ పిల్లను చంకనెత్తుకుని, తలకు కట్టిన గుడ్డ నెత్తుటితో తడుస్తుండగానే వచ్చింది. ఆమె కేక విని నాగన్న అన్నదమ్ములు అతన్ని మంచంతో సహా మోసుకొచ్చారు.

“కూసొనే కొట్టరా నాగన్నా. నిలబడితె నీ డొక్క పగులుతది,” అన్నాడు భీమన్న.

“కూసొని కొట్టుడు మా ఇంట్ల లేదన్నా. నన్ను నిలబెట్టు.”

భీమన్న వెనకనుంచి నాగన్న నడుము పట్టి నిలబెట్టాడు. వంకరగా అతుక్కున్న ఎముకలు తన ఛాతీకి గుచ్చుకోవడం అతనికి తెలుస్తోంది. పోతు కాళ్లు వణుకుతున్నాయి. అది పడిపోతే, పడి ప్రాణం విడిస్తే, ఇదంతా వృథా. నాగన్న కత్తి ఎత్తాడు. ఎత్తినప్పుడు అతని నోటినుంచి వచ్చిన మూలుగు విని యాదమ్మ పిల్ల కళ్లకు చేయి అడ్డం పెట్టింది. కత్తి దిగింది. తల ఒక్క వేటుకు తెగి గద్దె ముందు దొర్లింది. నాగన్న కత్తి వదిలేసి భీమన్న చేతుల్లో వాలిపోయాడు. లోపల ఏదో మళ్లీ విరిగింది. అతను ఆ పక్షం దాటి బతకలేదు.

యాదమ్మ ఆ నెత్తురులో వేలు ముంచి తిమ్మి నుదుట బొట్టు పెట్టింది.

పొద్దు గుంకకముందే గడీ మనుషులు వచ్చారు. దొరకు స్పృహ రాగానే “ఆడు ఇయ్యలే” అన్నాడట. భీమన్నను గడీ వంటింటి వెనక రోలు దగ్గరికి ఈడ్చుకుపోయారు. కుడిచేయి రోటి అంచుమీద పెట్టి ఇద్దరు పట్టుకున్నారు. అనంతయ్య ఎదుట కూర్చున్నాడు.

“సావు ముంగట నిల్సినోనివి, చెయ్యి సాపనీకి ఏమైందిరా? ఎందుకియ్యలే?”

“కదలొద్దన్నడు దొర. కదల్లే.”

అనంతయ్య తల తిప్పుకుని, రోకలి ఉన్నవాడికి సైగ చేశాడు. వేళ్లు ఒక్కొక్కటిగా కాదు, అన్నీ కలిపి దంచారు. స్పృహ తప్పినప్పుడల్లా నీళ్లు చల్లి మళ్లీ దంచారు.

ఠాణాలో నమోదైన పంచనామా చాలా క్లుప్తంగా ఉంటుంది: వేటలో మదించిన దున్న దాడివల్ల దొరవారికి తీవ్ర గాయం, ఇతర నష్టమేమీ లేదు. ఇతర నష్టం! నాగన్న చావు అందులో లేదు. యాదమ్మ నెత్తిమీద మళ్లీ వెంట్రుక మొలవని చోటు లేదు. రోలు మాట లేనే లేదు. నగరపు దవాఖానాలో దొర కాలు తీసేశారు. అదే ఏడు యుద్ధం మొదలై ఓడల రాకపోకలు తలకిందులయ్యాయి. ఆ తర్వాత ఒక విందువార్తలో దొరను ‘ఆఫ్రికా యాత్రకు సన్నద్ధుడై విధివశాత్తు ఆగిన సాహసికుడు’ అని రాశారు. విధికి ఇంతకంటే అన్యాయపు నింద మరొకటి ఉండదు.

కౌలుభూమి పోయింది. భీమన్న ఊరు విడిచి, యాదమ్మతో కలిసి వనపర్తి వైపు చేలలో కూలికి కుదిరాడు. కుడిచేయి ఎండిన అల్లపుకొమ్ములా ముడుచుకుపోగా ఎడమచేత్తో కొడవలి పట్టడం నేర్చుకున్నాడు. తిమ్మి పెరిగింది. ఏ జ్వరం వచ్చినా తల్లి గుండె ఆగినట్టయ్యేది, జ్వరం తగ్గేది.

నలభైల చివర్లో ఆ పిల్లను వీపనగండ్లవారింటికి ఇచ్చారు. పెళ్లిపీటల దగ్గర కన్యాదాత పెళ్లికొడుకు కాళ్లు కడగాలి. ఎడమచేత్తో చెంబు పట్టరాదని పురోహితుడు సణిగాడు. పెళ్లికొడుకు తల్లి నవ్వాపుకోలేక, “ఏం వదినే, మీ ఆయన చెంబు గూడ పట్టలేడా?” అంది.

“పట్టలేడు వదినే,” అంది యాదమ్మ. “పోస్తడు, సూడు.”

భీమన్న చెంబును రెండు మణికట్ల నడుమ ఇరికించి ఎత్తాడు. చెంబు ఒరిగి నీళ్లు పళ్లెం దాటి నేలమీద పారాయి. ఎవరో సాయానికి వచ్చారు. అతను మోచేత్తో వారిని అడ్డుకుని, పెళ్లికొడుకు పాదాలు రెండూ తడిసేవరకు పోశాడు.